రిథమ్ గేమ్‌లో మా రోబోకి ఫుల్ స్కోరు వస్తోంది, పాత సోల్ పాటల దగ్గరే ఎందుకు తడబడుతోంది?

సెన్సార్‌బాబు

అందరికీ నమస్కారం. రిథమ్ గేమ్ ఆడే చిన్న రోబో ఒకటి తయారు చేశాను. తెర మీద నోట్లు జారుతూ వచ్చి ఒక గీతను తాకుతాయి కదా, ఆ గీతకు కొంచెం ముందు ఒక్కో వరుసకి ఒక్కో లైట్ సెన్సార్ అంటించాను. నోటు అక్కడికి రాగానే వెలుతురు మారుతుంది, సెన్సార్ పసిగడుతుంది. అక్కణ్ణుంచి గీత దాకా పట్టే సమయం ముందే కొలిచి పెట్టుకున్నాను. అంతసేపు ఆగి సోలెనాయిడ్‌కి (కరెంటు ఇస్తే ముందుకు తన్నే చిన్న కడ్డీ) కరెంటు పంపితే అది బటన్ నొక్కుతుంది. కెమెరా లేదు, ఇమేజ్ ప్రాసెసింగ్ లేదు.

వేగంగా పోయే మెటల్ పాటల్లో, ఎలక్ట్రానిక్ పాటల్లో ఒక్క నోటు కూడా వదలడం లేదు. కానీ 1960ల నాటి అమెరికన్ సోల్ పాటలకి అభిమానులు చేసిన చార్టులు (ఏ నోటు ఎప్పుడు రావాలో రాసిన ఫైళ్లు) పెడితే తడబడుతోంది. అవి చాలా సులువైనవి. నోట్లు తక్కువ, వేగమూ తక్కువే. అయినా 'పర్ఫెక్ట్' పడాల్సిన చోట 'గ్రేట్', ఒక్కోసారి 'గుడ్' పడుతున్నాయి. గేమ్ స్టెప్‌మేనియా. వైరింగ్ అంతా బాగానే ఉంది. కారణం ఏమై ఉంటుంది?

చార్ట్‌మేకర్

కారణం మీ రోబోలో కాదు, డ్రమ్మర్ కాలిలో ఉంది.

ఈ రోజుల్లో పాట రికార్డు చేసేటప్పుడు చెవిలో క్లిక్, అంటే లయ తప్పకుండా మోగే టిక్ టిక్ శబ్దం, వినిపిస్తూ ఉంటుంది. అందుకని చార్టు చేసేవాడికి పాట మొత్తానికీ ఒకే బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు అన్న లెక్క) సరిపోతుంది. మొదటి రిథమ్ గేమ్‌లకి ఈ ఇబ్బంది ఎదురే కాలేదు. బీట్‌మేనియా 1997లో, డాన్స్ డాన్స్ రివల్యూషన్ 1998లో జపాన్ ఆర్కేడ్‌లలోకి వచ్చాయి. వాటిలో సీక్వెన్సర్ (స్వరాల్ని లెక్క ప్రకారం వాయించే యంత్రం) మీద తయారైన డాన్స్ పాటలే ఎక్కువ. పాట పుట్టడమే గళ్ల కాగితం మీద పుట్టింది. 2005లో గిటార్ హీరో వచ్చి పాత రాక్ పాటల్ని గేమ్‌లోకి తెచ్చాక అసలు పని మొదలైంది.

సోల్ పాటలకి క్లిక్ లేదు. పల్లవి దగ్గర ఊపు పెరిగితే బ్యాండ్ మొత్తం ఓ పిసరు వేగం పెంచుతుంది, చరణంలో మళ్లీ దిగుతుంది. చార్టు పాటతో కలిసి నడవాలంటే ప్రతి ఒకటి రెండు బార్లకీ (బార్ అంటే కొన్ని బీట్ల ఆవర్తనం) బీపీఎం మార్చుకుంటూ పోవాలి. స్టెప్‌మేనియాలో మామూలు సెట్టింగ్‌లో బీపీఎం మారితే నోట్లు జారే వేగం కూడా మారుతుంది. మీ రోబోకి తెలిసింది ఒకే వేగం.

లెక్క చూడండి. సెన్సార్ గీతకి ఒక బీట్ దూరంలో ఉందనుకుందాం. 120 బీపీఎం దగ్గర ఆ దూరానికి 500 మిల్లీసెకన్లు పడుతుంది. పాట 117కి దిగితే దాదాపు 513. 123కి పెరిగితే దాదాపు 488. అంటే మీ సోలెనాయిడ్ ఓసారి 13 మిల్లీసెకన్లు ముందు, ఇంకోసారి 12 మిల్లీసెకన్లు తర్వాత కొడుతోంది. సెన్సార్‌ని రెండు బీట్ల దూరంలో పెట్టి ఉంటే ఆ తేడా రెట్టింపు. గేమ్‌లో టైమింగ్ జడ్జ్ సెట్టింగ్‌ని బాగా కఠినంగా పెట్టుకుని ఉంటే 'పర్ఫెక్ట్' జారిపోవడానికి ఆ మాత్రం తేడా చాలు.

శ్రోత9

కొత్త మెంబర్‌ని, తెలియక అడుగుతున్నాను. అంటే ఆ డ్రమ్మర్లకి లయ సరిగా లేదనా? అంత పేరున్న రికార్డుల్లో వేగం అలా అటూ ఇటూ అయితే మరి గొప్ప వాయిద్యం అని ఎందుకంటారు?

పాతప్లేటు

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి, చాలామంది వాటిని ఒకే గాటన కట్టేస్తారు. పాట మొత్తం మెల్లగా వేగం పెరగడం, తగ్గడం ఒకటి. బీట్ ఎక్కడుందో తెలిసీ దాని మీద కాకుండా కాస్త వెనక కొట్టడం రెండోది. మొదటిది బ్యాండ్ ఊపిరి. రెండోది నిర్ణయం.

మెంఫిస్‌లో స్టాక్స్ స్టూడియో ఉండేది, 926 ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో. అంతకు ముందు అది సినిమా హాలు. సీట్లు తీసేశారు గానీ ఏటవాలు నేల అలాగే ఉంచేశారు. జిమ్ స్టూవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ కలిసి నడిపారు. ఆ స్టూడియో సొంత బ్యాండు బుకర్ టీ అండ్ ద ఎం.జీ.స్. డ్రమ్స్ మీద ఆల్ జాక్సన్ జూనియర్, గిటార్ మీద స్టీవ్ క్రాపర్. తర్వాత బాస్ మీదకి డక్ డన్ వచ్చాడు.

1965లో గాయకుడు విల్సన్ పికెట్ 'ఇన్ ద మిడ్‌నైట్ అవర్' రికార్డు చేయడానికి అక్కడికి వచ్చాడు. అట్లాంటిక్ రికార్డ్స్ నుంచి వచ్చిన జెర్రీ వెక్స్‌లర్ సెషన్ మధ్యలో లేచి, అప్పుడు కుర్రకారు వేస్తున్న 'జెర్క్' అనే డాన్స్ వేసి చూపించాడు. ఒత్తు రెండో బీట్ మీద ఉంది, మీరూ అక్కడ బరువు పెట్టండి అన్నాడు. జాక్సన్ స్నేర్ డ్రమ్‌ని, క్రాపర్ గిటార్‌ని రెండు, నాలుగు బీట్ల మీద కాస్త వెనక్కి లాగి వాయించారు. ఇద్దరూ కలిసే వెనక పడ్డారు, ప్రతిసారీ పడ్డారు. ఆ తర్వాత స్టాక్స్ రికార్డుల్లో అదొక ముద్రలా నిలిచిపోయింది.

జాక్సన్‌ని తోటి వాళ్లు 'మనిషి రూపంలో ఉన్న గడియారం' అనేవారు. వెనక కొట్టే మనిషికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆలోచించు. ఎంత వెనక కొట్టాలో ప్రతిసారీ తెలిసినవాడు కాబట్టే వచ్చింది.

బాస్‌తీగ

పాతప్లేటు గారూ, డెట్రాయిట్ సంగతి కూడా రావాలి. మోటౌన్ లేకుండా సోల్ గురించి మాట్లాడితే నా మనసొప్పదు.

బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన రికార్డు కంపెనీ అది. వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో ఒక ఇంట్లోనే స్టూడియో. ఫంక్ బ్రదర్స్ అని పిలిచే వాద్యబృందం ఆ చిన్న గదిలో భుజాలు రాసుకుంటూ కూర్చుని వాయించేది. బాస్ మీద జేమ్స్ జేమర్సన్. కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే తీగ మీటేవాడు. ఆ వేలికి 'ద హుక్' అని పేరు కూడా ఉంది. ఇంతటి వాయిద్యం ఒక్క వేలితోనా అని నేను బాస్ నేర్చుకునే రోజుల్లో నమ్మలేకపోయాను. ప్రాక్టీస్ చేసే కొద్దీ అర్థమైంది, ఒక్క వేలు కాబట్టే ప్రతి స్వరం ఒకే బరువుతో పడుతుంది.

ఒక విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వీళ్ల పేర్లు చాలా ఏళ్లు రికార్డు అట్టల మీదే లేవు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద తొలిసారి వాళ్ల పేర్లు అచ్చయ్యాయి. అప్పటికి వాళ్లు వాయించిన పాటలు ప్రపంచమంతా మోగిపోయాయి.

సెన్సార్‌బాబు గారూ, మీ రోబోతో ఏ వరుస వాయిస్తున్నారు? గిటార్ చార్టా, డ్రమ్స్ చార్టా?

సెన్సార్‌బాబు

గిటార్ చార్టు అండి. చార్ట్‌మేకర్ అన్నా, మీ లెక్క అక్షరాలా నిజం. నోట్లు ఒకే వేగంతో జారే సెట్టింగ్ పెట్టి చూశాను, తడబాటు దాదాపు పోయింది. అయినా ఆ సెట్టింగ్ వాడకుండానే గెలవాలని ఉంది. ఒక్కో వరుసకి రెండు సెన్సార్లు పెట్టి, నోటు ఒకదాని నుంచి రెండోదానికి ఎంతసేపట్లో వచ్చిందో కొలిస్తే దాని వేగం అప్పటికప్పుడే తెలుస్తుంది కదా.

ఇంకొకటి. పాతప్లేటు గారు చెప్పింది చదివాక రాత్రి స్పీకర్ పూర్తిగా ఆపేసి రోబోని ఆడించాను. స్కోరులో తేడా లేదు. తేడా ఉండదని ముందే తెలుసు, అయినా చూస్తుంటే ఏదోలా అనిపించింది. పాట లేని చోట పాట వాయిస్తోంది.

డ్రమ్‌ప్యాడ్

ఇది చదివి 'మెషీన్‌కి సోల్ ఉండదు' అనే మాట ఎవరో ఒకరు అనేలోపు నేను అడ్డం పడతాను. నేను బీట్లు చేసేవాణ్ణి, ఈ మాట విని విని విసిగిపోయాను.

సోల్ సంగీతంలోకి మెషీన్ వచ్చింది ఈమధ్య కాదు. స్లై స్టోన్ 1971లో 'ఫ్యామిలీ అఫైర్' పాటకి మేస్ట్రో రిథమ్ కింగ్ అనే డ్రమ్ మెషీన్ వాడాడు. ఆ పాట అమెరికాలో నంబర్ వన్ అయింది. పైన బాస్‌తీగ గారు చెప్పిన మార్విన్ గేనే తీసుకోండి. 1982లో 'సెక్సువల్ హీలింగ్' మొత్తం రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ మీద నడుస్తుంది. మెషీన్ గడియారంలా కొడుతుంటే ఆయన గొంతు దాని చుట్టూ అల్లుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కింద కదలని నేల ఉంది కాబట్టే పైన ఆ ఊగడం అంత స్పష్టంగా వినిపిస్తుంది.

డెట్రాయిట్ నుంచే వచ్చిన హిప్‌హాప్ నిర్మాత జే డిల్లా సంగతి ఇంకా చెప్పలేదు. ఆయన ఎంపీసీ3000 అనే బీట్ల మెషీన్‌లో చాలాసార్లు క్వాంటైజ్ (దెబ్బల్ని గళ్ల మీదకి జరిపి సరిచేసే పని) ఆపేసి, చేత్తో ప్యాడ్ కొట్టి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక చోట, స్నేర్ ఇంకో చోట, హై-హ్యాట్ (జంట తాళాలు) మరో చోట పడేలా వదిలేసేవాడు. అదే మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉంది. వాయించింది మెషీనే. ఎంత వెనక, ఎంత ముందు అన్నది చెప్పింది మనిషి.

పాతప్లేటు

డ్రమ్‌ప్యాడ్, మీరు చెప్పిన రికార్డులంటే నాకూ ప్రాణమే. కానీ డిల్లా విషయంలో మీ ఉదాహరణ నా వైపే నిలుస్తోంది. మెషీన్ సరిచేస్తానంటే వద్దన్నాడాయన. సరిచేసే మీట ఆపేశాకే ఆ సంగీతం పుట్టింది.

డ్రమ్‌ప్యాడ్

సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఇది: మెషీన్ లోపలే వెనక పడటాన్ని అంకెల్లో పెట్టిన మనిషి రోజర్ లిన్. 1980లో ఎల్ఎం-1 డ్రమ్ మెషీన్ తెచ్చాడు, 1988లో ఎంపీసీ60. వాటిలో 'స్వింగ్' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. శాతంలో ఇస్తారు. 50 అంటే జంట స్వరాలు రెండూ సమానం. 66 అంటే దాదాపు మొదటి స్వరానికి రెండు భాగాలు, రెండోదానికి ఒకటి, ఆ నడకనే షఫుల్ అంటారు. మధ్యలో 54, 58 లాంటి చోట్లే అసలు రుచి. 120 బీపీఎం దగ్గర 50 పెడితే జంటలో రెండో స్వరం 125 మిల్లీసెకన్లకి పడుతుంది, 54 పెడితే 135కి. పది మిల్లీసెకన్లే తేడా, కానీ ఒక దానికి తల ఊగదు, ఇంకో దానికి ఊగుతుంది. ఇది మెషీనే చేస్తోంది, తప్పకుండా చేస్తోంది.

బాస్‌తీగ

ఇద్దరి మాటా చదివాక నాకు ఒకటి తోస్తోంది. ఆలస్యం గురించి గొడవ పడుతున్నాం గానీ, ఆలస్యంలో కూడా రెండు రకాలున్నాయి. ప్రతిసారీ ఒకే మేరకు ఆలస్యం. ఒక్కోసారి ఒక్కో మేరకు ఆలస్యం. జాక్సన్‌ది మొదటిది. మొదట సెన్సార్‌బాబు గారి రోబోకి వచ్చిన చిక్కు రెండోది. సోలెనాయిడ్ కదలడానికి పట్టే కాలం ఎప్పుడూ ఒకటే అయితే దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. అది మారుతూ ఉంటేనే బాధ. వాయించేవాళ్లకీ అంతే. ఎప్పుడూ ఒకేలా వెనకుండే డ్రమ్మర్‌తో హాయిగా వాయించగలను. ఓసారి ముందూ ఓసారి వెనకా ఉండేవాళ్లతో చెమట్లు పడతాయి.

సోల్ చార్టులు సులువని మొదటి పోస్టులో రాశారు. నిజమే, క్రాపర్ గిటార్ అయితే రెండో బీట్, నాలుగో బీట్, అంతే. నోట్లు లెక్కపెట్టే గేమ్‌లో దానికి అన్నిటికంటే కింది లెవెల్ ఇస్తారు. గిటార్ చేతిలో పట్టుకుని ఆ ఒక్క దెబ్బని స్నేర్‌తో కలిపి పాట పొడవునా ఒకే బరువుతో వేసి చూడండి. వేగంగా వేళ్లు ఆడించడం నేర్చుకున్న చాలామంది అక్కడ నిలబడలేరు.

శ్రోత9

ఇప్పుడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పికెట్ పాట విన్నాను. రెండో బీట్ దగ్గర ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఉంది! ఇన్నాళ్లూ ఈ పాట విన్నాను గానీ ఇది వినలేదు.

మరి చార్టులో ఆ స్నేర్ నోటుని ఎక్కడ పెడతారు? అసలు బీట్ మీదా, దెబ్బ పడిన చోటా?

చార్ట్‌మేకర్

మా వాళ్ల మధ్య ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది.

గళ్ల మీద పెడితే చార్టు చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కానీ ఆడేవాడు స్నేర్ వినిపించకముందే కొట్టాలి. చెవిని నమ్ముకున్న మనిషికి మార్కులు తగ్గుతాయి. దెబ్బ పడిన చోట పెడితే చెవికి న్యాయం జరుగుతుంది, కానీ గళ్లు చాలవు. స్టెప్‌మేనియాలో ఒక బీట్‌ని 48 ముక్కలు చేస్తారు. 120 బీపీఎం దగ్గర ఒక్కో ముక్క 10.4 మిల్లీసెకన్లు. స్నేర్ 15 మిల్లీసెకన్లు వెనకుంటే, ఒక గడి పెడితే తక్కువ, రెండు పెడితే ఎక్కువ. అదీగాక గిటార్, స్నేర్ వెనక పడ్డ చోటే బాస్ బీట్ మీద ఉండొచ్చు. ఒకే చార్టులో ఎవరి పక్షం వహించాలి?

నేనైతే దెబ్బ పడిన చోటే పెడతాను. ఆ రికార్డు వాయించినవాళ్లు ఎక్కడ కొట్టారో అదే పాట, గళ్లు మనం తర్వాత గీసుకున్నవి. నాతో ఒప్పుకోని మంచి చార్ట్‌మేకర్లు ఉన్నారు. వాళ్ల వాదన, గేమ్‌లో కళ్లకి క్రమం కనపడకపోతే ఆడేవాళ్లు విసుగెత్తి వదిలేస్తారని. అదీ కొట్టిపారేయలేను.

సెన్సార్‌బాబు

ఇది చదివాక రోబోకి మైక్ పెట్టాలనిపిస్తోంది. తెర చూడకుండా పాట విని కొట్టాలి. సాధ్యమేనా?

బాస్‌తీగ

సాధ్యమే. కానీ మైక్ పెట్టగానే అసలు చిక్కు మొదలవుతుంది. ఇప్పుడు మీ రోబో నోటుని చూశాక స్పందిస్తోంది. దెబ్బ విన్నాక స్పందిస్తే అప్పటికే సమయం మించిపోతుంది. మనుషుల సంగతి తీసుకోండి, ఏదైనా విని చేయి కదపడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. అలా విని కొడితే ఎవ్వరూ బ్యాండ్‌లో వాయించలేరు. మనం తర్వాతి బీట్‌ని ఊహించుకుని, దానికోసం ముందే బయలుదేరతాం. మెట్రోనోమ్‌కి చిటికె వేయమంటే చాలామంది తెలియకుండానే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే వేస్తారు కూడా.

కాబట్టి మీ రోబో కూడా ఊహించాలి. పాట విని బీట్ ఎక్కడుందో పసిగట్టే బీట్ ట్రాకింగ్ ప్రోగ్రాంలు ఉన్నాయి. జార్జియా టెక్‌లో గిల్ వైన్‌బర్గ్ బృందం ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. ముందు హేల్ అని డ్రమ్ వాయించే రోబో చేశారు, పక్కన మనిషి వాయిస్తుంటే విని బదులు వాయిస్తుంది. ఆ తర్వాత షిమాన్ అని మరింబా (చెక్క పలకల వాయిద్యం) వాయించే రోబో. అది ఎదుటివాళ్లతో కలిసి అప్పటికప్పుడు కల్పించి వాయిస్తుంది, లయకి తల కూడా ఊపుతుంది. ఆ తల ఊపు అలంకారం కాదు. పక్కన వాయించే మనిషికి తర్వాతి బీట్ ఎక్కడ రాబోతోందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

డ్రమ్‌ప్యాడ్

బీట్ ట్రాకర్ వాడితే ఒక జాగ్రత్త. అది గట్టి శబ్దాల్ని పట్టుకుని బీట్ ఎక్కడుందో తేల్చుకుంటుంది. స్టాక్స్ పాటల్లో అన్నిటికంటే గట్టి శబ్దం ఆ వెనక పడిన స్నేరే. దాన్నే బీట్ అనుకుంటే బాస్, కిక్ అన్నీ తొందరపడుతున్నట్టు లెక్క తేలుతుంది. కిక్, స్నేర్‌ని ఫిల్టర్‌తో విడదీసి వేర్వేరుగా చూడండి.

గదిని కూడా లెక్కలోకి తీసుకోండి. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. మైక్ స్పీకర్‌కి 3 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 9 మిల్లీసెకన్లు అక్కడే పోయాయి. సినిమా హాలంత స్టూడియోలో పది మీటర్ల అవతల ఉన్న డ్రమ్ చెవికి చేరడానికి 29 మిల్లీసెకన్లు పట్టేది. ఆ రోజుల్లో స్టాక్స్‌లో అందరూ ఒకేసారి ఒకే గదిలో వాయించారు, ఆ దూరాలన్నీ దాటి కలిసి వాయించారు. అదంటే నాకు ఎప్పటికీ గౌరవం.

పాతప్లేటు

డ్రమ్‌ప్యాడ్, మీ ఈ చివరి మాటతో మన తగువు చాలావరకు తీరింది. నాకు మెషీన్ మీద కోపం లేదు. వినే మెషీన్ అయితే కూర్చుని వింటాను.

సెన్సార్‌బాబు

అందరికీ చాలా థాంక్స్. ముందు రెండో సెన్సార్ పెట్టి వేగం కొలవడం పూర్తి చేస్తాను. తర్వాత మైక్, కిక్‌కి ఒకటి స్నేర్‌కి ఒకటి ఫిల్టర్. చార్ట్‌మేకర్ అన్నా, ఆ పికెట్ పాటకి రెండు రకాల చార్టులూ చేసి ఇవ్వగలరా? ఒకటి గళ్ల మీద, ఒకటి దెబ్బ పడిన చోట.

చార్ట్‌మేకర్

వారాంతంలో చేసి పెడతాను. గిటార్, స్నేర్ రెండూ ఇస్తాను, బాస్‌తీగ గారు చెప్పినట్టు అవి ఎంత దగ్గరగా పడ్డాయో కూడా చూడొచ్చు.

మీ వైపు నుంచి ఒక్కటి చేయండి. ఆడించే ముందు ఏదైనా ఒకే బీపీఎం ఉన్న ఎలక్ట్రానిక్ పాటతో ఆడియో ఆఫ్‌సెట్ (పాటకీ నోట్లకీ మధ్య ఉండే సమయం తేడా) సరిచేసి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దు. లాగ్ ఫైల్‌లో ప్రతి నోటుకీ తేడా నమోదు చేయండి, కానీ సగటు ఒక్కటే చూడకండి. సగటు ఎంత వెనక ఉందో ఒక వరుసలో, ఆ సగటు చుట్టూ ఎంత చెదిరిందో ఇంకో వరుసలో రాయండి. సగటు 20 మిల్లీసెకన్లు ఉండి చెదురు 2 ఉంటే ఏమీ మార్చకండి, అలాగే పంపండి. చెదురు 10 దాటితే సోలెనాయిడ్ స్ప్రింగ్ చూడండి.